తోడు వచ్చిన మనిషి రోజును ఎవరు లెక్కిస్తారు?

(మహాపరినిర్వాణ దినానికి ముందురోజు, 2025 డిసెంబరు 5 సాయంత్రం, రాయ్‌పూర్‌లో తెలుగు విద్యార్థులు, బస్తీ పెద్దలు కలిసి పెట్టుకున్న సభలో ఒక పరిశోధక విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)



మొన్న 3వ తేదీ అంతర్జాతీయ వికలాంగుల దినం. రేపు బాబాసాహెబ్ మహాపరినిర్వాణ దినం. ఈ రెంటి మధ్య నన్ను మాట్లాడమన్నారు కాబట్టి రెంటినీ కలిపే విషయమే ఎంచుకున్నాను. ముసలివాళ్లు, వికలాంగులు, చేతిలో డబ్బు లేనివాళ్లు ఇంటి నుంచి ఆసుపత్రికో, బ్యాంకుకో, ఆఫీసుకో ఎలా వెళ్తున్నారు? ఆ ప్రయాణాన్ని కుదిర్చే పని ఎవరు చేస్తున్నారు? విధాన పత్రాల్లో దీన్ని రవాణా సమన్వయం అంటారు. నా పీహెచ్‌డీ దీని మీదే.

మా బస్తీలో ఒక తాత ఉన్నాడు. ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి కూలి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. షుగర్ ముదిరి కుడికాలు మోకాలి కింద తీసేశారు. నెలకు రెండుసార్లు ఆసుపత్రికి వెళ్లాలి. ఫీల్డ్‌వర్క్‌లో భాగంగా ఒకరోజు నేనూ వెంట వెళ్లాను. చేతిలో నోట్‌బుక్, ఫోన్‌లో గడియారం.

పొద్దున ఆరింటికి ఆయన మనవరాలు మెయిన్ రోడ్డు మీదికి వెళ్లింది. కాలువ మీద పలక విరిగిపోవడంతో మా గల్లీలోకి ఆటో రాదు. మొదటి ఆటో అతను వీల్‌చైర్ చూసి ఆగకుండా వెళ్లిపోయాడు. రెండో అతను ఆగి, బేరం ఆడి, కుర్చీ పెట్టడానికి చోటు లేదన్నాడు. మూడో అతను రెట్టింపు అడిగాడు. ఆ అమ్మాయి ఒప్పుకుని వెనక్కి వచ్చి, పక్కింటి అన్నను నిద్ర లేపి, ఇద్దరూ కలిసి తాతను గల్లీ దాటించారు. ఆసుపత్రి గేటు దగ్గర దిగాక ఆయన్ని ఒక చెట్టు కింద పెట్టి చీటీ కోసం లైన్లో నిలబడింది. రక్తపరీక్ష ఒక భవనంలో, డాక్టరు మరో భవనంలో. ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. "ఏటమ్మా రాసుకుంటున్నావు, నాకు జబ్బు కాదు బరువు, దారి బరువు" అన్నాడు తాత.

ఆ అమ్మాయి తొమ్మిదో తరగతి. ఆ రోజు స్కూల్లో లెక్కల పరీక్ష ఉంది. ఆ సంగతి నాకు మధ్యాహ్నం దాకా తెలియదు. తెలిశాక కూడా నేను చేసింది ఒక్కటే. నా ప్రశ్నావళిలో "సహాయకులు ఉన్నారా?" అనే గడిలో "ఉన్నారు, మనవరాలు" అని టిక్ పెట్టాను. ఇవాళ నేను మాట్లాడేది ఆ టిక్ గురించే.

ముందు బాబాసాహెబ్ ప్రయాణాలు రెండు గుర్తు చేస్తాను. "వెయిటింగ్ ఫర్ ఎ వీసా" చదివినవాళ్లకు ఇవి తెలుసు. కానీ వీటిని రవాణా పాఠాలుగా మనం చదవలేదు.

మొదటిది 1901. తండ్రి గోరేగావ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవులకు పిల్లలు సతారా నుంచి రైల్లో బయల్దేరి మసూర్ స్టేషన్లో దిగారు. ఫలానా రోజు వస్తున్నామని ముందే ఉత్తరం రాశారు. నౌకరు ఆ ఉత్తరాన్ని తండ్రికి ఇవ్వడం మరిచిపోవడంతో స్టేషన్‌కు ఎవరూ రాలేదు. పిల్లలు మహర్లని తెలిశాక బండివాళ్లెవరూ ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు ఒప్పుకున్నాడు. కిరాయి రెట్టింపు ఇవ్వాలి, బండి పిల్లలే తోలుకోవాలి, తను పక్కన నడుస్తాడు. చూడండి, డబ్బు ఉంది, బండి ఉంది, ముందస్తు సమాచారం కూడా ఉంది. అయినా ఒక మనిషి మరిచిపోతే ఆ లోపాన్ని కులం రాత్రంతా దాహంగా మార్చింది. అగ్రకుల పిల్లలైతే అదే పొరపాటుకు అరగంట ఆలస్యం అయ్యేది, అంతే.

రెండోది 1929. అప్పటికి ఆయన బారిస్టరు, ప్రభుత్వం వేసిన కమిటీలో సభ్యుడు. చాలీస్‌గావ్‌లో దిగారు. స్టేషన్ నుంచి మహర్‌వాడకు టాంగా కావాలి. టాంగావాళ్లు అంటరానివాణ్ని కూర్చోబెట్టుకుని తోలమన్నారు. అతిథిని నడిపించడం వాడవాళ్లకు మనసొప్పలేదు. టాంగా అద్దెకు తీసుకుని, తోలడం రాని తమవాడినే తోలమన్నారు. కల్వర్టు దగ్గర బండి తలకిందులైంది. బాబాసాహెబ్ రాళ్ల మీద పడ్డారు, కాలు విరిగింది, కొన్ని రోజులు కదల్లేకపోయారు. బండి నిరాకరించిన కులమే ఆ కొన్ని రోజుల వైకల్యాన్ని తయారు చేసింది. కులాన్నీ వైకల్యాన్నీ వేర్వేరు సెమినార్లలో మాట్లాడుకునే మనం ఈ సంఘటన దగ్గర ఒకసారి ఆగాలి.

ఇప్పుడు రాయ్‌పూర్‌కు వద్దాం. ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చిన చుట్టాలు ఇక్కడ మొదట అడిగే ప్రశ్న "మీ ఆర్టీసీ బస్టాండు ఎక్కడ?" అని. ఛత్తీస్‌గఢ్‌కు ఆర్టీసీ లేదు. ఊళ్ల మధ్య తిరిగేవి పర్మిట్ల మీద నడిచే ప్రైవేటు బస్సులు. సిటీ బస్సులకు వేరే సొసైటీ ఉంది. పాత నగరం నుంచి నవా రాయ్‌పూర్‌లోని మంత్రాలయానికి వెళ్లే బీఆర్టీఎస్ బస్సులు 2016లో మొదలయ్యాయి, వాటి నిర్వహణ మరో సంస్థది. ప్రమాదానికి 108, గర్భిణులకు 102 మహతారి ఎక్స్‌ప్రెస్. మిగతాదంతా ఆటోలు, ఈ-రిక్షాలు.

విడివిడిగా చూస్తే ఏదో ఒకటి ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ ప్రాణం పోయేంత ఎమర్జెన్సీ కాని రోగి, గర్భిణి కాని ముసలమ్మ, ఆటోకు డబ్బులేని వికలాంగుడు ఏ నంబరుకు ఫోన్ చేయాలి? వీళ్లకు నంబరు లేదు. ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కే మధ్య జాగాకు యజమాని లేడు. పండ్రిలో ఉన్న బస్టాండును 2021లో భాటాగావ్‌కు మార్చారు. నగరం మధ్యలో రద్దీ తగ్గిందన్నది నిజమే. కానీ బలౌదాబజార్ వైపు నుంచో, మహాసముంద్ వైపు నుంచో బస్సులో వచ్చే రోగికి బాబాసాహెబ్ పేరు పెట్టిన మన పెద్దాసుపత్రి, మెకాహారా, దూరమైంది. ఇంకో బండి ఎక్కాలి, ఇంకోసారి బేరమాడాలి, ఇంకోసారి ఎవరో ఎత్తి కూర్చోబెట్టాలి. బస్టాండు మార్చిన ఫైలులో ఆ ఎత్తేవాళ్ల ఖర్చు రాయలేదు.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదని నేను అనను. ఈ ఏడాది అక్టోబరు 4న జగదల్‌పూర్‌లో ముఖ్యమంత్రి గ్రామీణ బస్ యోజన మొదలైంది. మొదటి దశ బస్తర్, సర్గుజా డివిజన్లలో. బస్సు నడిపేవారికి మొదటి ఏడాది కిలోమీటరుకు 26 రూపాయలు, రెండో ఏడాది 24, మూడో ఏడాది 22 ప్రభుత్వం ఇస్తుంది. చూపులేనివారికి, మేధో వైకల్యం ఉన్నవారికి, రెండు కాళ్లతో నడవలేనివారికి, 80 ఏళ్లు దాటినవారికి, ఎయిడ్స్ బాధితులకు తోడు మనిషితో సహా పూర్తి రాయితీ. ఆపరేటర్ల ఎంపికలో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు, మహిళలకు ప్రాధాన్యం. ఇవి మంచి నిబంధనలే. అందుకే వీటిని గట్టిగా పట్టుకుని రెండు ప్రశ్నలు అడగాలి.

మొదటిది, డబ్బు కిలోమీటరుకు ఇస్తున్నారు, ఎక్కిన మనిషికి కాదు. వీల్‌చైర్ చూసి ఆగకుండా వెళ్లినా కిలోమీటరు పూర్తవుతుంది. కాబట్టి ఎంత దూరం తిరిగారన్నదానితో పాటు ఎవరిని ఎక్కించుకున్నారన్నది కూడా లెక్కలోకి రావాలి. రెండోది, ఒక కాలు లేని మా తాత "రెండు కాళ్లతో నడవలేని" గడిలోకి వస్తాడా? 72 ఏళ్ల కూలీ ముసలమ్మ 80 దాకా ఆగాలా? ఎండలో ఇటుకలు మోసిన ఒంటికి ముసలితనం పెన్షన్ ఉద్యోగి ఒంటికి వచ్చినప్పుడే రాదు.

పక్క రాష్ట్రాల్లోని మన అనుభవం ఇక్కడ పనికొస్తుంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద మహిళలకు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఉచిత ప్రయాణం. ఆంధ్రప్రదేశ్‌లో ఈ ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలైంది. చాలామంది దీన్ని ఉచితాల చర్చగా చూస్తారు. నేను జీరో టికెట్‌ను చూస్తాను. డబ్బు లేకపోయినా కండక్టరు టికెట్ కొట్టాలి. ఆ టికెట్ల లెక్క మీద ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు కట్టాలి. అంటే చేతిలో రూపాయి లేని మనిషి కూడా రికార్డులో ఒక ప్రయాణికురాలు. రాయితీని దయ నుంచి లెక్కకు మార్చింది ఆ చిన్న కాగితం. పర్మిట్ బస్సులో రాయితీ అడిగితే ఆ నష్టం ఎవరిదో తేలదు. అది బస్సు యజమాని జేబులోంచి పోయినట్టు ఉంటుంది, కండక్టరు ముఖంలో కనిపిస్తుంది. అయితే జీరో టికెట్‌తో కథ అయిపోదు. టికెట్ ఉచితమైనంత మాత్రాన మెట్టు ఎత్తు తగ్గదు. రద్దీ బస్సులో కర్ర పట్టుకున్న ముసలమ్మకు ఉచితం అందాలంటే ముందు ఆమె పైకి ఎక్కగలగాలి.

ఆ ఎక్కే చోటనే కులం ఎదురవుతుంది. వీల్‌చైర్‌లోని మనిషిని బస్సులోకి ఎత్తాలంటే ఎవరో ఒకరు ఆ ఒంటిని ముట్టుకోవాలి. చంకల కింద చేతులు పెట్టాలి, నడుము పట్టుకోవాలి. నగరంలో కులం తెలియదు కదా అంటారు. ఏ బస్తీ ముందు బస్సు ఎక్కుతున్నామో కండక్టరుకు తెలుసు, ఏ గల్లీ నుంచి పిలుపు వచ్చిందో ఆటో అతనికి తెలుసు. ఇక్కడ ర్యాంపు గురించి నేను ఇంజినీరులా మాట్లాడటం లేదు. ర్యాంపు నీ ఇంటిపేరు అడగదు. తక్కువ ఎత్తు బస్సు నేల 400 మిల్లీమీటర్లు ఉంటే, ర్యాంపు వేస్తే, ఎవరి దయా అక్కరలేదు. సాయం చేసే చేతుల మీద ఆధారపడే వ్యవస్థలో ఆ చేతుల కులం పని చేస్తూనే ఉంటుంది.

2011 జనగణన ప్రకారం ఎస్సీల్లో వికలాంగుల శాతం 2.45. ఎస్సీ, ఎస్టీలు కాని ఇతరుల్లో 2.18. ఎస్టీల్లో 2.05. ఎస్సీల్లో ఎందుకు ఎక్కువ? చేసే పనులు, ఉండే చోట్లు, అందని వైద్యం కలిపి ఆలోచించండి. గతంలో మనకు హరిజనులని పేరు పెట్టారు. దేవుడి బిడ్డలమయ్యాం, బావి మాత్రం దొరకలేదు. 2015 తర్వాత వికలాంగులను దివ్యాంగులంటున్నారు. దివ్యత్వం వచ్చింది, బస్సు మెట్టు ఎత్తు మాత్రం అలాగే ఉంది.

చట్టం మన వైపు లేదా? ఉంది. రాజ్యాంగం 15(2) అధికరణ బావులు, చెరువులతో పాటు రోడ్లను కూడా పేర్కొంది. ప్రభుత్వ నిధులతో నడిచే రోడ్డు వాడుకోవడంలో కులం పేరుతో ఆటంకం ఉండరాదు. 41వ అధికరణ వృద్ధాప్యం, అనారోగ్యం, వైకల్యం ఉన్నప్పుడు ప్రభుత్వ సహాయం గురించి చెబుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 41వ సెక్షన్ బస్టాపులు, స్టేషన్లు, వాహనాల గురించే కాదు, వ్యక్తిగత చలనానికి సాయం గురించి కూడా మాట్లాడుతుంది. 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలు సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరి నిబంధనలు ఉండాలని తేల్చింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికల్లో మన హైదరాబాద్ నల్సార్‌లోని వికలాంగ అధ్యయన కేంద్రం ఇచ్చినది ఒకటి. మరోవైపు 2007 వృద్ధుల చట్టం 20వ సెక్షన్ చూడండి. ప్రభుత్వాసుపత్రుల్లో ముసలివాళ్లకు పడకలు, వేరే లైను ఉండాలంటుంది. ఆ లైను దాకా ఎలా రావాలో చెప్పదు. 2020 మార్చి 20న రైల్వే వృద్ధుల రాయితీని కూడా ఆపేసింది. పెద్దాసుపత్రికో పెద్ద ఊరికో రైల్లో వెళ్లే పేద ముసలివాళ్లకు అది నేరుగా తగిలిన దెబ్బ.

సమన్వయం లేకపోవడం మన పేదరికం వల్ల వచ్చిన జబ్బు కూడా కాదు. డబ్బున్న అమెరికాలో 2003లో అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ లెక్క తీస్తే, ముసలివాళ్లు, వికలాంగులు, పేదల ప్రయాణానికి డబ్బిచ్చే ఫెడరల్ కార్యక్రమాలు 62 తేలాయి. ఎవరి బండి వారిది, ఎవరి రూలు వారిది. మరుసటి ఏడాది వాటిని కలపమని అధ్యక్షుడు ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది.

కానీ నాకు ఇష్టమైన ఉదాహరణ అది కాదు. సరిగ్గా 70 ఏళ్ల కిందట ఇదే రోజు, 1955 డిసెంబరు 5న, మాంట్‌గోమరీలో నల్లజాతి ప్రజలు బస్సుల బహిష్కరణ మొదలుపెట్టారు. రోజా పార్క్స్ పేరు మనకు తెలుసు. 381 రోజుల పాటు వేలమంది పనిమనుషులు, కూలీలు పనికి ఎలా వెళ్లారో ఎక్కువగా మాట్లాడుకోం. కరపత్రాలు రాత్రికి రాత్రి అచ్చేయించింది జో ఆన్ రాబిన్సన్ అనే కాలేజీ అధ్యాపకురాలు. తర్వాత దాదాపు 300 కార్లతో ఒక వ్యవస్థ నడిచింది. ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ మారాలి, ఎన్నింటికి రావాలి అన్నీ రాసుకున్నారు. నగరం మధ్యలో నల్లవాళ్ల పార్కింగ్ స్థలమే కేంద్రం. బీమా సంస్థలు కార్లకు బీమా రద్దు చేస్తే లండన్ నుంచి బీమా తెచ్చుకున్నారు. చివరికి పాలకులు కోర్టుకెళ్లి ఆ కార్లను ఆపించారు. ఎందుకంటే పేదలు తమ ప్రయాణాన్ని తామే కుదుర్చుకోవడం అధికారాన్ని భయపెట్టింది. రవాణా సమన్వయం నిపుణులకే తెలిసిన విద్య కాదని, ఉద్యమం చేయగల పని అని అది చూపించింది.

మరి మనం ఏం అడగాలి? నా ఫీల్డ్‌వర్క్ నుంచి నాలుగు విషయాలు పెడుతున్నాను. చర్చించండి, కొట్టేయండి, మెరుగు చేయండి.

ఒకటి, జిల్లాకు ఒకే నంబరు, ఒకే డెస్కు. ఎమర్జెన్సీ కాని ప్రయాణాలకు ముందురోజు ఫోన్ చేస్తే బండి కుదర్చాలి. ఆసుపత్రి ఓపీ తేదీలను బస్తీల వారీగా కలిపితే ఒకే గల్లీ నుంచి ఐదుగురు ఒకే రోజు ఒకే బండిలో వెళ్లగలరు. ఇప్పుడు ఐదుగురూ ఐదు రోజుల్లో ఐదు ఆటోల్లో వెళ్తున్నారు.

రెండు, కిలోమీటరు సబ్సిడీకి షరతులు. పీఎం ఈ-బస్ సేవ కింద రాయ్‌పూర్‌కు 100 బస్సులు మంజూరయ్యాయి. వాటికైనా, గ్రామీణ బస్సులకైనా ఒప్పందంలోనే ర్యాంపు, జీరో టికెట్ లెక్క, ఆగకుండా వెళ్తే కోత ఉండాలి.

మూడు, ఇంటి గడప నుంచి రోడ్డు దాకా. కాలువ మీద పలక కూడా రవాణాయే. బస్సు కొన్న శాఖ గల్లీ గురించి, గల్లీ శాఖ బస్సు గురించి తెలుసుకోనంత కాలం ఆ తొలి వంద గజాలు తాత బరువుగానే ఉంటాయి.

నాలుగు, తోడు మనిషికి జీతం. చట్టం తోడు మనిషికి టికెట్ మాఫీ చేసింది. ఆ మనిషి పోగొట్టుకున్న కూలిని, క్లాసును ఎవరూ లెక్కించలేదు. శిక్షణ, నెల జీతం, ఈఎస్ఐ ఉన్న సహాయకులు కావాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. ఒళ్లు ముట్టుకునే పని కాబట్టి ఇది కూడా పాకీ పనిలా మన కులాల మెడకే చుట్టుకునే ప్రమాదం ఉంది. బస్సు పర్మిట్లలో, డెస్కు ఉద్యోగాల్లో, పర్యవేక్షణ కమిటీల్లో మన వికలాంగులు, మన మహిళలు ఉండాలి. ఎత్తే చేతులు మాత్రమే మనవి, సంతకం ఇంకొకరిది అయితే మళ్లీ చాలీస్‌గావ్ కల్వర్టు దగ్గరే ఉంటాం.

ఇక్కడ ఉన్న పరిశోధక మిత్రులకు ఒక మాట చెప్పి ముగిస్తాను. సమన్వయం లేదు అని మనం రాస్తాం. అది తప్పు. సమన్వయం ఉంది. ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి పొద్దున ఆరింటి నుంచి మూడింటి దాకా చేసింది అదే. ఆటో బేరం, పక్కింటి అన్న, చీటీ లైను, రెండు భవనాలు, అన్నీ ఆమె బుర్రలో ఉన్నాయి. ప్రభుత్వం చేయాల్సిన పని జీతం లేకుండా ఒక దళిత బాలిక చేస్తోంది. దాన్ని నేను "సహాయకులు ఉన్నారు" అని రాసి, సమస్య లేని గడిలో వేశాను.

ఎందుకు అలా రాశానో తర్వాత అర్థమైంది. మా ఇంట్లో నాయనమ్మ ఏడేళ్లు మంచాన ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్లింది నేను కాదు. నాకు నెట్ పరీక్ష ఉంది, తర్వాత ఫెలోషిప్ ఉంది, ఇంట్లో అందరూ "దానికి చదువుంది, వదిలేయండి" అన్నారు. తీసుకెళ్లింది నా చెల్లెలు. డిగ్రీ రెండో ఏడాదిలో హాజరు చాలక ఆమె చదువు ఆగిపోయింది. మా ఇంటి నుంచి మొదటి పీహెచ్‌డీ నాది అని గొప్పగా చెప్పుకుంటాను. ఆ పీహెచ్‌డీలో చెల్లెలి క్లాసులు కూడా ఉన్నాయి. మా ఇంట్లో కూడా నేను ఆ గడిలో టిక్ పెట్టి దాటిపోయాను.

నా ప్రశ్నావళి మార్చాను. "సహాయకులు ఉన్నారా?" అన్నది తీసేసి, "మీతో ఎవరు వచ్చారు, రాకపోతే ఈ రోజు వాళ్లు ఏం చేసేవాళ్లు?" అని పెట్టాను. మళ్లీ వెళ్లి మొదట ఆ అమ్మాయినే అడిగాను. "లెక్కల పరీక్ష రాసేదాన్ని అక్కా" అంది. ఆ జవాబు ఇప్పుడు నా థీసిస్‌లో ఉంది. అది కలెక్టరేట్ ఫైలులోకి కూడా ఎక్కేలా చూడటం ఈ సభలో ఉన్న మనందరి పని.

జై భీమ్.